గ్రావెల్ ఏ కొండది?

శ్రీకాకుళం జిల్లా మందసలో ఏ వీధిలో నిలబడి తలెత్తినా కొండలు కనిపిస్తాయి. వాటి వెనక మహేంద్రగిరి, 1500 మీటర్ల పైచిలుకు ఎత్తు. తూర్పుకు తిరిగితే జీడితోటలు, కొబ్బరితోటలు, ఆపైన సముద్రం. కొండకీ కడలికీ మధ్య ఉన్న సన్నటి నేల మీద మన ఊళ్లన్నీ ఉన్నాయి. ఉద్దానం అని పిలిచే ఈ తోటల్లోకి పోయేకొద్దీ నేల ఇసుకగా మారుతుంది, బండి చక్రం దిగబడుతుంది. అందుకని ఎప్పుడు బాట వెయ్యాలన్నా కొండని తవ్వి తెచ్చి ఇసుక మీద పరచవలసిందే. హరిపురం దగ్గర జాతీయ రహదారి కట్ట, మందస రోడ్ స్టేషన్లో పట్టాల కింది కంకర, బడి ఆవరణలో పోసిన ఎర్ర గ్రావెల్, కొత్తింటి పునాది నింపిన మెరక, ఇవన్నీ ఒకప్పుడు ఏదో ఒక కొండలోనివే. ఇప్పుడు సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023లో మొదలైన పోర్టు పనులకు కూడా రాయి కొండల నుంచే రావాలి. పల్లం ఎంత పెరిగితే కొండ అంత తరుగుతుంది.

రోడ్డు పక్కన కొత్తగా పోసిన గ్రావెల్ కుప్ప కనిపిస్తే ఆగి ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూడటం నాకు అలవాటు. ఎరుపు, పసుపు, మధ్యలో తెల్లటి పలుగురాయి, అక్కడక్కడ మెరిసే అభ్రకం. ఒకచోట పని చేయిస్తున్న మేస్త్రిని "ఇది ఏ కొండ నుంచి వచ్చింది?" అని అడిగాను. "ఏ కొండదైతే ఏటి బాబూ, రోలరు తిరిగితే గట్టిపడాలి గానీ" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అతన్ని ఎవరూ అంతకు మించి అడగరు. బిల్లు రాసే ఇంజనీరు ఎన్ని ఘనపు మీటర్లు అని అడుగుతాడు. గనుల శాఖ సీనరేజి రుసుము కట్టారా అని అడుగుతుంది. కాంక్రీటులో వాడే కంకరకు ఐఎస్ 383 అనే భారతీయ ప్రమాణం ఉంది. రాయి ఎంత బరువుకు నలుగుతుంది, ఎంత దెబ్బకు పగులుతుంది, ఎంత అరుగుతుంది, అందులో మట్టిగడ్డలెన్ని, బొగ్గు ఎంత, ఇవన్నీ అది అడుగుతుంది. ఇల్లు నిలబడాలంటే ఆ ప్రశ్నలు అవసరమే. కాని ఆ ప్రశ్నలన్నీ రాయి గురించినవి. రాయి నలిగినప్పుడు లేచే బుగ్గి గురించి, ఆ బుగ్గిని పీల్చే మనిషి గురించి అక్కడ ఒక్క మాటా లేదు.

బుగ్గి అంతా ఒకటి కాదు. కొన్ని రాళ్లలో నార ఉంటుంది. రాతినార అని, ఆస్బెస్టాస్ అని మనం పిలిచేది కార్ఖానాలో తయారైన వస్తువు కాదు, భూమిలో పుట్టిన ఖనిజం. ఒక్కొక్క పోగు తల వెంట్రుక కంటే ఎన్నో వందల రెట్లు సన్నగా విడిపోతుంది. గాలిలోకి లేచిందంటే గంటల తరబడి తేలుతుంది. ఊపిరితో లోపలికి పోయిందంటే, శరీరం దాన్ని కరిగించుకోలేదు, సులువుగా బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, వాటి చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ దానివల్ల వస్తాయి. ఆస్బెస్టాస్‌లో ఏ రకమైనా మనిషికి క్యాన్సర్ కలిగించేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. పీల్చిన రోజుకూ జబ్బు బయటపడే రోజుకూ మధ్య ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది. ఈ విషయం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ వ్యవధే.

రాతినార మన రాష్ట్రంలోనే ఉంది. కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో, బ్రాహ్మణపల్లె, చిన్నకూడాల వైపు, వేంపల్లె పేరుతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే డోలమైటు పొరలున్నాయి. మెగ్నీషియం నిండిన ఆ పొరల్లోకి కోట్ల ఏళ్ల కిందట భూగర్భం నుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చింది. ఆ వేడి తగిలిన అంచుల్లో డోలమైటు మారిపోయి పచ్చటి సర్పెంటైను అయింది. దాని పగుళ్లలో తెల్లటి క్రిసోటైల్ నార అడ్డంగా పేరుకుంది. వేళ్లతో లాగితే దూదిలా విడివడుతుంది. దేశంలో దొరికిన ఆస్బెస్టాస్‌లో మేలురకంగా పేరు పొందింది అదే. బెరైటీస్ అనే ఖనిజం కూడా అక్కడిదే. అదే వేంపల్లె పొరల్లో తుమ్మలపల్లె దగ్గర యురేనియం కూడా దొరికింది. ఒక్క రాతి వరుసలో మనిషికి పనికొచ్చేదీ మనిషిని పాడుచేసేదీ పక్కపక్కనే ఉన్నాయి. పైనుంచి చూసేవాడికి అదంతా ఒకే కొండ.

ఆస్బెస్టాస్ తవ్వడానికి 1986 నుంచి దేశంలో కొత్త లీజులు ఆగాయి. 1993 నుంచి పాత లీజుల పునరుద్ధరణా ఆగింది. తవ్వకం ఆగింది కాని వాడకం ఆగలేదు. రష్యా నుంచి, కజకిస్థాన్ నుంచి, బ్రెజిల్ నుంచి నార దిగుమతి అవుతూనే ఉంది, మన ఇళ్ల మీద సిమెంటు రేకులుగా పరుచుకుంటూనే ఉంది. అది పెద్ద కథ, ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను ఆలోచిస్తున్నది దానికి పక్కనున్న చిన్న సందు గురించి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం రాళ్లను రెండు పద్దుల్లో వేసింది. ఆస్బెస్టాస్ పెద్ద ఖనిజం, కేంద్రం చూపు దాని మీద ఉంటుంది. గ్రావెల్, ఇల్లు కట్టుకునే రాయి, మామూలు ఇసుక చిన్న ఖనిజాలు, వాటి నిబంధనలు రాష్ట్రం రాసుకుంటుంది. మన చిన్న ఖనిజాల నిబంధనలు 1966 నాటివి. మరి గ్రావెల్‌లో కలిసిపోయి వచ్చే ఆస్బెస్టాస్ ఏ పద్దులోకి వస్తుంది? నారను నారగా లీజు లేకుండా తవ్వి అమ్మితే నేరం. అదే నార ఉన్న కొండను కోసి రోడ్డుకు పరిస్తే, అది ఎన్ని ఘనపు మీటర్లో లెక్క పడుతుంది, సీనరేజి వసూలవుతుంది, పని పూర్తవుతుంది. అందులో ఏముందో చూడమని ఏ లైసెన్సూ చెప్పదు. చిన్న ఖనిజాల తవ్వకానికి, అయిదు హెక్టార్ల లోపు క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మంచి అడుగే. కాని ఆ అనుమతి చూసేది తవ్విన చోటునే. రాయి వెళ్లి పడిన చోటును ఎవరూ చూడరు.

ఇది చదివి మందస వాళ్లు, పలాస వాళ్లు భయపడనక్కరలేదు. మన కొండలు తూర్పు కనుమల కొండలు. ఖొండలైటు, చార్నొకైటు, గ్రానైటు నైసు వంటి రాళ్లు ఇక్కడ ఎక్కువ. టెక్కలి క్వారీల నీలి గ్రానైటు ఎంతో దూరం పోయి గచ్చులై, సమాధి రాళ్లై నిలిచింది. రాతినార సాధారణంగా పుట్టేది ఇలాంటి రాళ్లలో కాదు, సర్పెంటైను జాతి రాళ్లలో. మన దగ్గర క్రషర్ల కింద, డ్రిల్లింగు మిషన్ల ముందు పనిచేసేవాళ్లకు అసలు ప్రమాదం పలుగురాతి బుగ్గి. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు దానివల్లే వస్తుంది, క్యాన్సర్ కారకాల జాబితాలో ఆ బుగ్గీ ఉంది. తడిపి తవ్వితే, క్రషర్ మీద నీళ్లు చల్లితే, మూతి గుడ్డ కాకుండా సరైన మాస్కు ఇస్తే అది చాలావరకు తగ్గుతుంది. నేను చెప్పదలచినదల్లా ఇంతే. మన కొండలో నార లేదని మనకు ధైర్యంగా తెలుస్తున్నది కూడా, ఎవరో ఒకరు ఒకప్పుడు ఈ కొండలెక్కి, రాయి పగలగొట్టి, పేరు పెట్టి, పటం గీశారు కాబట్టే. తెలుసుకోవడం వల్ల వచ్చిన ధైర్యం అది. ఆ పని చెయ్యని కొండ గురించి ధైర్యమూ చెప్పలేం, భయమూ చెప్పలేం.

అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం రాక్‌విల్ దగ్గర ఒక సర్పెంటైను క్వారీ ఉంది. మంచి గట్టి రాయి. దాన్ని నలగ్గొట్టి ఆ చుట్టుపక్కల రోడ్లకు, బండ్లు నిలిపే చోట్లకు, పిల్లల ఆటస్థలాలకు పరిచారు. ఆ రోడ్ల పక్క గాలిని కొలిస్తే అందులో క్రిసోటైల్ నార తేలుతోందని రోల్, లాంగర్, సెలికాఫ్ అనే శాస్త్రవేత్తలు 1977లో 'సైన్స్' పత్రికలో రాశారు. గని లేదు, కార్ఖానా లేదు, రేకు లేదు. కంకర ఉంది, దాని మీద నడిచే బండ్లున్నాయి. అంతే.

కాలిఫోర్నియాలో ఈ సంగతి ఇంకా విచిత్రంగా ఉంది. అక్కడ సర్పెంటైను రాష్ట్ర శిల, 1965లో ఆ గౌరవం ఇచ్చారు. ఆ రాయి అంత విరివిగా ఉంది కాబట్టే అక్కడ రోడ్డు పైపొరలో వేసే కంకర మీద 1990లో హద్దు పెట్టారు, ఆస్బెస్టాస్ నూటికి అయిదు వంతులు మించకూడదని. 2000లో ఆ హద్దును పావు శాతానికి దించారు. ఈ పావు శాతం ఎక్కడిదో తెలిసినప్పుడు నాకు ఆ నిబంధన రాసినవాళ్ల మీద గౌరవం కలిగింది. కంకరను పిండిగా నూరి, సూక్ష్మదర్శిని కింద నాలుగు వందల చోట్ల చూస్తారు. నాలుగు వందల చోట్లలో ఒక్కచోట నార కనిపిస్తే అది పావు శాతం. మనిషి కన్ను ఎంతవరకు చూడగలదో అంతవరకు హద్దును దించారన్నమాట. పీల్చేవాడికి ఇంత చాలు అని ఎవరూ అనలేదు, చూసేవాడు ఇంతవరకు చూడగలడు అన్నారు. చట్టం నిజాయితీగా ఉండటమంటే అదే అనుకుంటాను.

అలస్కాలో ఆంబ్లర్ అనే ఊరు నా మనసులో ఇంకా ఎక్కువగా నిలిచింది. కోబుక్ నది ఒడ్డున ఇనుపియాట్ అనే ఆదివాసులు ఉండే చిన్న ఊరు. బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు, విమానమో పడవో ఎక్కాలి. దగ్గర్లో ఉన్న గ్రావెల్ గుంటలో ఆస్బెస్టాస్ ఉందని తేలింది. ఊళ్లో పనులు ఆగిపోయాయి. ఆ నేల మీద గ్రావెల్ లేకుండా ఏదీ కట్టలేరు. బయటి నుంచి తెప్పించే స్తోమత లేదు. వాడొద్దని రాసి సంతకం పెట్టడం పట్నంలో కూర్చున్న అధికారికి సులువు. ఆ ఊరికి మాత్రం వాడొద్దంటే మరుగుదొడ్లు వద్దు, విమానం దిగే చోటు వద్దు, కొత్త ఇళ్లు వద్దు అన్నట్టే.

2012లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. గ్రావెల్‌ను పరీక్షించాలి. పావు శాతానికి తక్కువుంటే దాన్ని మామూలు గ్రావెల్‌గా చూడవచ్చు. అంతకు మించి ఉండి, వాడక తప్పకపోతే, ఎక్కడ వాడతారో, బుగ్గి లేవకుండా ఏం చేస్తారో, పైన ఏం కప్పుతారో, ఆ కప్పు చెదరకుండా ఎవరు చూస్తారో ముందుగా ప్రణాళిక రాసి రాష్ట్ర రవాణా శాఖ ఆమోదం పొందాలి. ఆ ప్రణాళిక ప్రకారం నడిచిన యజమాని మీద, కాంట్రాక్టరు మీద తరువాత దావా వెయ్యడానికి వీల్లేదని కూడా అందులో ఉంది. ఈ చివరి మాట నాకు మింగుడుపడలేదు. నలభై ఏళ్ల తరువాత దగ్గు మొదలైన మనిషి ఎవరిని అడగాలి? ఆ రక్షణ లేకపోతే పనికి ఎవరూ ముందుకు రారని వాళ్లు అన్నారు. అందులోనూ నిజముంది. అయినా ఒక సంగతి మాత్రం ఒప్పుకుంటాను. పేద ఊరు గ్రావెల్ వద్దనలేదని గుర్తించి, అలాగని కళ్లు మూసుకోకుండా, ఏది ఎక్కడ పడిందో కాగితం మీద పెట్టించిన చట్టం అది.

కాగితం లేకపోతే ఏమవుతుందో చెప్పే ఊళ్లు చాలా ఉన్నాయి. గ్రీసులో మెత్సోవో అనే కొండ ఊరివాళ్లు దగ్గర్లో దొరికే తెల్లమన్నును ఇళ్ల గోడలకు వెల్ల వేసుకునేవాళ్లు. ఆ మట్టిలో ట్రెమొలైట్ నార ఉందని, ఊళ్లో వస్తున్న ఊపిరితిత్తుల జబ్బు దానివల్లేనని ఎన్నో తరాల తరువాత వైద్యులు కనిపెట్టారు. పండక్కి గోడ తెల్లగా ఉండాలనుకోవడం తప్ప ఆ తల్లులు చేసిన తప్పేముంది? నెదర్లాండ్స్‌లో గోర్ అనే పట్టణం చుట్టూ, ఆస్బెస్టాస్ సిమెంటు కార్ఖానా నుంచి మిగిలిన వ్యర్థాన్ని రైతులు ఉచితంగా తెచ్చుకుని దొడ్లలో, దారుల్లో పరిచి గట్టి చేసుకున్నారు. దశాబ్దాల తరువాత ప్రభుత్వం ఆ దారులను వెతికి వెతికి తవ్వించి శుభ్రం చేయించవలసి వచ్చింది. జార్ఖండ్‌లో చాయీబాసా దగ్గర రోరో కొండల మీద హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ గని 1983లో మూతపడింది. లక్షల టన్నుల వ్యర్థం ఆ కొండవాలు మీద అలాగే ఉండిపోయింది, వానొస్తే పొలాల్లోకి దిగుతోంది.

నెదర్లాండ్స్ సంగతి చదువుతుంటే నాకు 2018 అక్టోబరు గుర్తొచ్చింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన ఆ రాత్రి ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఎలా నేలకొరిగాయో అందరూ రాశారు. సిమెంటు రేకులు కూడా లెక్కలేనన్ని ఎగిరిపోయాయి, పగిలిపోయాయి. చెట్లకు లెక్క రాశారు, నష్టపరిహారం ఇచ్చారు. ఆ రేకు ముక్కలు ఏమయ్యాయో ఎవరూ రాయలేదు. గుంటల్లో పోశారు, బురద దారిలో వేశారు, పశువుల శాలలో నేల గట్టిపడటానికి పరిచారు. అలా వేసుకున్నవాళ్లను ఎవరు తప్పు పట్టగలరు? ఉన్నదాంతో సర్దుకోవడం మన ఊళ్ల బతుకు. కాని ఆ ముక్కల్లో నార ఉందని, పగిలిన చోట నుంచి అది బయటికి వస్తుందని, తడిపి, సంచుల్లో కట్టి, ఒకచోట లోతుగా పూడ్చాలని చెప్పిన మనిషి ఒక్కరైనా రావలసింది.

ఆలస్యంగా తెలియడమంటే ఏమిటో ఉద్దానానికి ఇంకొకరు చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీలు పాడై ఎంతమంది పోయారో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ జబ్బుకూ రాతినారకూ సంబంధం లేదు, ఆ రెండింటినీ కలిపి మాట్లాడటం అన్యాయం. నేనంటున్నది వేరు. నీళ్లా, నేలా, మందులా, ఎండలో చెమటోడ్చే పనా అని ఇన్నేళ్లుగా వెతుకుతున్నా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి తెరిచారు. జబ్బు వచ్చిన మనిషిని పరీక్షించగలరు. అతను ముప్ఫై ఏళ్ల కిందట ఏ బావి నీళ్లు తాగాడో, ఆ నీళ్లలో అప్పుడు ఏముందో ఎలా పరీక్షిస్తారు? అప్పట్లో ఎవరూ రాసి పెట్టలేదు. వెనక్కి నడిచి కారణం పట్టుకోవడం అంత కష్టం. నెమ్మదిగా వచ్చే జబ్బులకు వైద్యుడి కంటే ముందు గుమాస్తా అవసరం.

ఈ సంగతి మన సుప్రీంకోర్టుకు తెలుసు. 1995 జనవరిలో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు చెబుతూ, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన రోజు నుంచి కనీసం నలభై ఏళ్లు, లేదా పని మానిన తరువాత పదిహేనేళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఎంత నెమ్మదిగా వస్తుందో అంత ఓపికగా కాగితం ఉండాలని ఆ తీర్పు ఉద్దేశం. కార్ఖానా గోడల లోపల ఉన్నవాళ్లకు ఆ పాటి రక్షణ దొరికింది. రోడ్డు పక్క ఇంట్లో ఉన్నవాళ్లకు, గ్రావెల్ పరిచిన బడిలో ఆడుకునే పిల్లలకు కూడా ఆ ఆలోచన వర్తించాలని కోరడం అత్యాశ కాదు.

ఖర్చు పెద్దది కూడా కాదు. క్వారీ నుంచి కదిలే ప్రతి లారీకీ ఇప్పటికే పర్మిట్ కాగితం ఉండాలి. ఎవరి క్వారీ, ఎంత సరుకు, ఎక్కడికి అన్నది అందులో ఉంటుంది. దానికి ఒక్క వరుస చేరిస్తే చాలు, ఈ రాయి పేరేమిటి అని. క్వారీ లీజు ఇచ్చేటప్పుడు ఒకసారి భూగర్భ శాస్త్రం తెలిసిన మనిషి వచ్చి రాయి చూడాలి. అనుమానమొస్తే పలుచటి ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. ఆ పని విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్ర విభాగం చేయగలదు, భారత భూగర్భ సర్వే దగ్గర పటాలున్నాయి. డబ్బు కావాలంటే, తవ్వకం వల్ల నష్టపోయే ఊళ్ల కోసమే 2015లో చట్టం సవరించి పెట్టిన జిల్లా ఖనిజ నిధి ఉంది. పులివెందుల వైపు సర్పెంటైను పొరలున్న చోట ఈ పరీక్ష తప్పనిసరి చెయ్యాలి. రోడ్డు కోసం కొండ కోసినా, బావి తవ్వినా, ఇంటి పునాది తీసినా బయటికొచ్చిన రాయిని ఊళ్లోకి తీసుకుపోయే ముందు చూడాలి. శ్రీకాకుళంలో ఒకసారి చూసి రాసి పెట్టినా చాలు.

కొండ మీద హక్కు కోసం నిలబడటం మందసకు కొత్త కాదు. జమీందారీ అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం రైతులు లేచిన 1940లో, పోలీసు కాల్పుల్లో గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ ప్రాణమిచ్చింది. కొండ ఇచ్చేది మాకూ చెందాలని ఆనాటి వాళ్లు అడిగారు. కొండ నుంచి మా ఇంటి ముందుకు వచ్చినదేమిటో తెలుసుకునే హక్కు అందులోదే అని నా నమ్మకం.

కాబట్టి ఈ ప్రాంతంవాళ్లకు, మరీ ముఖ్యంగా సర్పంచులకు, గ్రామ సచివాలయాల్లో ఉన్న ఇంజనీరింగు అసిస్టెంట్లకు నా మనవి. మీ వీధికి గ్రావెల్ లారీ వచ్చినప్పుడు డ్రైవరు దగ్గరున్న పర్మిట్ చూడండి. క్వారీ పేరు, సర్వే నంబరు, తేదీ, సరుకు పోసిన చోటు పంచాయతీ రిజిస్టరులో రాయించండి. పగిలిన రేకులతో గుంటలు పూడ్చనివ్వకండి. రాయి పేరు కూడా పర్మిట్‌లో ఉండాలని గ్రామసభలో తీర్మానం చేసి గనుల శాఖకు పంపండి. ఆ రిజిస్టరును నలభై ఏళ్లు పారెయ్యకూడదని కూడా అదే తీర్మానంలో రాయండి.